ఇత్తడి కొంగ

లార్కమ్ కార్ల కంపెనీ నా భార్య అంత్యక్రియలను నవ్వులపాలు చేసింది. ఇందులో రెండో మాట లేదు. కావాలని చేయలేదని కొందరంటారు. కావాలని చేయకపోతే అది ఇంకా సిగ్గుచేటు.

మా ఊళ్లో, ఇంగ్లండు కొవెంట్రీలో పుట్టినవాడికి లార్కమ్ అంటే ఏమిటో చెప్పనక్కర్లేదు. దొరలు ఎక్కే కారు, మేం చేసే కారు. మాలో ఒక్కడైనా దాన్ని కొన్న పాపాన పోలేదు. కారు ముందు భాగాన ఒంటికాలి మీద నిలబడ్డ కొంగ బొమ్మ ఉండేది. కారు మాది కాకపోయినా ఆ కొంగ మాది. ఎందుకంటే ఫ్యాక్టరీ గేటు గదిలో, అరమీద, ఇత్తడితో పోతపోసిన పెద్ద కొంగ ఒకటుండేది. ఫ్యాక్టరీలో పనిచేసినవాళ్లు ఎవరు పోయినా దాన్ని శవపేటిక మూత మీద నిలబెట్టి చర్చికి తీసుకెళ్లేవాళ్లు. గోతిలోకి దించే ముందు ఇంటివాళ్లు తమ చేత్తో దాన్ని తీసి, మర్నాడు గేటులో అప్పగించేవాళ్లు. మేనేజరు పోయినా, నేల ఊడ్చేవాడు పోయినా అదే కొంగ.

నా భార్య డోరీన్ అక్కడ కుట్టు షెడ్డులో పనిచేసింది. సీట్లకు తోలు కుట్టేది. వాళ్ల నాన్నదీ అదే ఫ్యాక్టరీ. ఆయన పోయినప్పుడు కొంగను ఒళ్లో పెట్టుకుని కూర్చుని, కోటు చేతితో తుడుస్తూనే ఉంది. "దీని ముక్కు చూడు క్లిఫ్, అచ్చం మా నాన్న ముక్కే" అని ఏడుస్తూనే నవ్వింది.

ఆస్పత్రిలో ఆమె నన్ను అడిగింది ఒకే ఒక్కటి.

"లిల్లీ పూలు వద్దు. ఆ పాస్టరు చేత పాట పాడించకు, ఆయన గొంతు నేను చచ్చినా భరించలేను. కొంగ ఉంటే చాలు."

"అలాగే."

"అలాగే అని ఊరుకోవడం కాదు. నువ్వే వెళ్లి తీసుకురా. మనమ్మాయి జిల్‌ని పంపకు."

"నేనే వెళతాను. ఇక నోరు మూసుకుని పడుకో."

ఆ మాట ఇచ్చింది నేను. నిలబెట్టుకోవలసింది నేను.

అప్పటికి కంపెనీ మునుగుతూ ఉంది. కార్లు అమ్ముడుపోవడం లేదు. కార్లు బిగించే లైన్లు ఆపేసి ఏడాది కావస్తోంది. కొనేవాళ్లంతా ముసలివాళ్లట, చచ్చిపోతున్నారట. కుర్రవాళ్లను పట్టాలంటే పేరు రాసే తీరు, రంగు, గుర్తు అన్నీ మార్చాలని పైవాళ్లకు ఎవరో చెప్పారు. టీవీలో ప్రకటన వేశారు. గుండు గీయించుకున్న మనుషులు వరసగా నిలబడి అద్దం మీద ఊదుతారు. వెనక గుడ్డ కప్పిన కారు. ఆ గుడ్డ ఎవరూ తీయరు. దేశమంతా తిట్టింది. డోరీన్ ఆస్పత్రి మంచం మీంచి దాన్ని చూసి, "పాపం, వాళ్లకి జలుబు చేసిందేమో" అంది.

ఆమె పోయిన మర్నాడు గేటు దగ్గరికి వెళ్లాను. కాపలా గదిలో నోరిస్ ఉన్నాడు. నాతోపాటే ఫ్యాక్టరీలో చేరినవాడు, ఇంకా రిటైరై ఇంటికి పోని మనిషి.

"డోరీన్ సంగతి విన్నానురా. అలాంటి మనిషి మళ్లీ దొరకదు."

"కొంగ ఇవ్వు."

నోరిస్ అర వైపు చూశాడు. నేనూ చూశాను. అక్కడ పూలకుండీ ఉంది.

"లేదురా క్లిఫ్."

"ఎవరింట్లో ఉంది? ఇంకెవరు పోయారు?"

"ఎవరూ పోలేదు. కొంగే పోయింది. పైవాళ్లు పట్టుకుపోయారు. కొంగ బొమ్మ ఉన్నదల్లా పట్టుకుపోయారు. నా టోపీ మీదిది పీకేశారు. క్యాంటీన్ కప్పుల మీద ఉందని కప్పులు పారేశారు. ఇప్పుడు కాగితం గ్లాసులో తాగుతున్నాం, టీ అంతా అట్టపెట్టె కంపు."

"నువ్వు చూస్తూ కూర్చున్నావా?"

"మరేం చెయ్యమంటావు, కరవమంటావా? ఉన్న పళ్లే తక్కువ."

పై అంతస్తులో ఇమోజెన్ అనే అమ్మాయిని కలవమన్నాడు. కొత్త గుర్తు పని ఆమెదేనట. ఆ గదిలో కుర్చీలు లేవు. గోనె బస్తాల్లాంటివి నేల మీద పడి ఉన్నాయి. వాటిలో కూర్చుంటే లేవడం నా వల్ల కాదు. నిలబడ్డాను. ఆ పిల్ల కూర్చుని తల పైకెత్తి మాట్లాడింది.

"క్లిఫర్డ్ గారూ, ముందుగా మీ బాధని మేమంతా గౌరవిస్తున్నామండీ."

"గౌరవం ఉంచుకో అమ్మా. కొంగ ఇవ్వు."

"కొంగని మేం పారెయ్యలేదండీ. దానికి స్వేచ్ఛ ఇచ్చాం."

"ఇస్తే ఎక్కడికి పోయింది?"

"అంటే, భావంలో అన్నమాట."

"భావం నాకొద్దు. గేటు గదిలో ఇత్తడిది ఉండాలి. అదెక్కడ?"

ఆమెకు అది ఏదో తెలియదు. ఒకరికి ఫోన్ చేసింది. ఆ ఒకరు ఇంకొకరికి చెయ్యమన్నారు. నేను కిటికీలోంచి ఖాళీ కార్ల పార్కింగు చూస్తూ నిలబడ్డాను. ఫోన్ పెట్టేసరికి పిల్ల ముఖంలో రంగు లేదు.

"కరిగించారటండీ."

నేను కిటికీ వదిలి ఆమె వైపు తిరిగాను.

"ప్యారిస్‌లో కొత్త గుర్తు ఆవిష్కరణ ఉందండీ. వేదిక మీద పెట్టే మొదటి గుర్తుని ఆ ఇత్తడితోనే పోత పోయించారు. పాతది కొత్తదానిలో బతికుండాలని. నిజానికి అది నా ఆలోచనే. కానీ దాన్ని శవపేటికల మీద పెడతారని మాకెవరూ చెప్పలేదండీ."

"మీరెవరైనా అడిగారా?"

అడగలేదు. ఫోన్‌లో బొమ్మ చూపించింది. గుండ్రటి రింగు. లేత గులాబీ రంగు పూత. పళ్లొచ్చే పిల్లలకు కొరుక్కోమని ఇచ్చే రింగు అచ్చం ఇలాగే ఉంటుంది.

"ప్యారిస్ పంపేముందు దీన్ని మీకు ఒక్కరోజు ఇప్పించగలనండీ. పైవాళ్లని నేను ఒప్పిస్తాను. అదే ఇత్తడి కదండీ."

వద్దన్నాను. బస్సెక్కి ఇంటికి వచ్చేశాను.

ఇంటికి వచ్చేసరికి నా కూతురు జిల్ వంటింట్లో అంత్యక్రియలకు వచ్చేవాళ్ల కోసం శాండ్‌విచ్‌లకు హ్యామ్ కోస్తోంది.

"ఆ అమ్మాయి నాకూ ఫోన్ చేసింది నాన్నా. నేను సరేనన్నాను."

"నన్నడక్కుండానా?"

"అడిగితే వద్దంటావని."

"అది కొంగ కాదు."

"కొంగ లేదు నాన్నా! లేనిదాన్ని ఎక్కణ్ణుంచి తెమ్మంటావ్? ఆ రింగు చేసింది కొంగను కరిగించే కదా. అమ్మ తుడిచిన ఇత్తడే కదా."

"సాసేజి చూపించి పందిని చూశావా అంటే చూశాననాలా?"

"నీతో మాట్లాడ్డం కంటే గోడతో మాట్లాడ్డం నయం."

"వెళ్లి మాట్లాడు."

ఆ కత్తి చప్పుడు చాలాసేపు వినిపించింది. జిల్ తల్లి లాంటిది, పట్టుపడితే వదలదు. శుక్రవారం చర్చి దగ్గర కంపెనీ కుర్రవాడొకడు తెల్ల చేతితొడుగులు వేసుకుని, తెల్ల పెట్టెతో నిలబడి ఉన్నాడు. అందరి ముందూ గొడవ పెట్టుకోలేక ఊరుకున్నాను. అదీ వాళ్ల లెక్కలోకే వేస్తాను.

కొంగకు కాలి కింద వెడల్పాటి దిమ్మె ఉండేది, దిమ్మెకు ఉన్నిగుడ్డ అతికించి ఉండేది. పెడితే కదిలేది కాదు. ఈ రింగుకు ఏమీ లేదు. కుర్రవాడు దాన్ని పడుకోబెట్టడానికి ఒప్పుకోలేదు, గుర్తు నిలబడే కనిపించాలట. పేటిక మీది డాఫడిల్ పూలకు ఆనించి నిలబెట్టాడు. కుట్టు షెడ్డులో డోరీన్ పక్కనే కూర్చుని పనిచేసిన బెరిల్ చేతికర్రతో దాన్ని చూపించింది.

"దీనికి అడుగేదీ?"

"మామూలుగా గోడకి బిగిస్తారండీ."

"ఇది గోడ కాదు బాబూ, డోరీన్."

ప్రార్థన అయింది. పాస్టరు పాట పాడాడు. వద్దని చెప్పానో లేదో ఆయన్నే అడగండి. తర్వాత పేటికను భుజాలకెత్తుకుని బయటికి తెచ్చారు. మా చర్చి గుమ్మానికి మెట్టు ఉంది, మెట్టు కింద నుంచి రోడ్డుదాకా రాళ్లు పరిచిన బాట ఏటవాలుగా దిగుతుంది. ముందున్నవాళ్లు మెట్టు దిగారు. పేటిక వంగింది. రింగు పూలలోంచి బయటికి వచ్చింది, మూత మీద ఒక్క క్షణం తనంతట తాను నిలబడింది, దొర్లింది.

కింద పడి ఆగుతుందనుకున్నాను. ఆగలేదు. రాళ్ల మీద నిలువుగానే దొర్లుకుంటూ పోయింది. పాస్టరు గౌను పక్కనుంచి పోయింది. జనం రెండు వైపులకూ జరిగి కారుకు ఇచ్చినట్టు దారి ఇచ్చారు. తెల్ల తొడుగుల కుర్రవాడు వెనకాల పరుగు. అప్పుడు నోరిస్ అన్నాడు, మెల్లగా అనడం వాడికి చేతకాదు.

"ఈ ఏడాది కదిలిన మొదటి లార్కమ్ ఇదేరా!"

నవ్వారు. ముందు కుట్టు షెడ్డు ఆడవాళ్లు, తర్వాత అందరూ. పేటిక మోస్తున్నవాళ్ల భుజాలు అదిరాయి, పేటిక కూడా అదిరింది. జిల్ నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది, తర్వాత ఆ చెయ్యీ తీసేసింది. వరసలో చివర నిలబడ్డ బెరిల్ కర్ర అడ్డం పెట్టి రింగును ఆపింది.

"అమ్మ ఉంటే అందరికంటే ముందు నవ్వేది నాన్నా" అంది జిల్, కళ్లు తుడుచుకుంటూ.

ఉంటే నవ్వేది. లేదు కదా.

సమాధి దగ్గర బెరిల్ ఆ రింగును కుర్రవాడికి ఇవ్వలేదు. నా చేతిలో పెట్టింది. ఇంటివాళ్లే పట్టుకోవాలి, అది పద్ధతి. రాళ్ల మీద రాసుకున్నచోట గులాబీ పూత లేచిపోయింది. కింద పచ్చగా ఇత్తడి కనిపించింది. దాని మీద వేలు పెట్టి చూశాను. కుర్రవాడు పెట్టె తెరిచి నా పక్కకు వచ్చి నిలబడ్డాడు. పేటికను దించే పట్టీలు పట్టుకున్నవాళ్లు ఎదురుచూస్తున్నారు.

"ఇచ్చెయ్ నాన్నా" అంది జిల్.

వంగి, మూత మీద ఆమె పేరు చెక్కిన రేకు పక్కన దాన్ని పడుకోబెట్టాను.

"దించండి."

వాళ్లు పాస్టరు వైపు చూశారు. పాస్టరు నా వైపు చూశాడు. దించారు.

"సార్, అది మంగళవారం ప్యారిస్‌లో ఉండాలి" అన్నాడు కుర్రవాడు.

"ఉండదు" అన్నాను.

మొదటి పిడికెడు మట్టి నేనే వేశాను.

ఆ రింగు దొర్లడం ఎవరో ఫోన్‌లో తీశారు. ప్రపంచమంతా చూసింది. కంపెనీ డబ్బు పోసి తీసిన ప్రకటనకు కూడా అంతమంది లేరట. కంపెనీవాళ్లు సమాధి తెరవడానికి అనుమతి ఇమ్మని చర్చిని అడిగారు. పాస్టరు కుదరదన్నాడు. ఆయన పాట ఎలా ఉన్నా, ఆ మాట బాగుంది. ప్యారిస్‌లో ప్లాస్టిక్‌ది చేసి పెట్టుకున్నారని నోరిస్ చెప్పాడు. ఇమోజెన్ ఫోన్ చేసింది. క్షమించమని అడిగింది. ఏడుస్తోందనుకుంటాను. ఫోన్ పెట్టేశాను. క్షమాపణ కొంగను తీసేముందు అడగాలి.

మొన్న ఆదివారం భోజనం దగ్గర జిల్ మళ్లీ ఎత్తుకుంది.

"వద్దు వద్దని నా ప్రాణం తీసింది నువ్వే. అందరూ చూస్తుండగా అమ్మకి ఇచ్చేసిందీ నువ్వే. ఎందుకు నాన్నా?"

బంగాళాదుంపల మీద గ్రేవీ పోసుకున్నాను. తిన్నాను. నోరిస్ క్లబ్బులో అడిగాడు, పత్రికలవాడు గుమ్మంలో నిలబడి అడిగాడు. వాళ్లకూ చెప్పలేదు. ఇంత రాసింది జవాబు చెప్పడానికి కాదు, అడగడం మానుకుంటారని. కొంగ గురించి గానీ, రింగు గురించి గానీ, ఆ శుక్రవారం గురించి గానీ ఇక నా నోట మాట రాదు. జిల్ అడిగినా రాదు.