డాలనేగా బంగారు డాలరు

ఆర్విల్ సాటర్‌ఫీల్డ్ మా ఊరి బడిలో చరిత్ర పాఠాలు చెప్పి రిటైరయ్యాడు. ఒకప్పుడు మా డాలనేగాలోనే ఉన్న టంకశాలలో ముద్రించిన బంగారు నాణేలను ముప్పై ఏళ్లుగా సేకరిస్తున్నాడు. టంకశాల మూతపడిన 1861 నాటి డాలరు ఒక్కటే అతనికి దొరకలేదు.

ఆ డాలరును కార్ల వ్యాపారి డ్వేన్ గ్యాడిస్ వేలంలో కొన్నాడు. అతను ఒకసారి మా నాణేల సంఘానికి తెచ్చిన నాణెం నకిలీదని ఆర్విల్ అందరి ముందూ తేల్చేశాడు. ఆ అవమానాన్ని గ్యాడిస్ మరిచిపోలేదు.

డాలరు కొన్న వారానికి సంఘం వాళ్లందరినీ ఇంటికి భోజనానికి పిలిచాడు. తిన్నాక ఆ డాలరును ఆర్విల్ అరచేతిలో పెట్టాడు.

"చూడండి మాస్టారూ, ఇదీ నకిలీదేనా?"

"కాదు, అసలైనదే." ఆర్విల్ దాన్ని దీపం వెలుగులోకి ఎత్తి చూశాడు. "నాకు అమ్మవా డ్వేన్? ఇల్లు అమ్మైనా డబ్బిస్తాను."

"అసలైనదని మీ నోటితో అన్నారు. నాకది చాలు."

గ్యాడిస్ నాణేన్ని బల్లకు బిగించి, డ్రిల్లింగ్ మిషన్‌తో పై అంచున బెజ్జం వేశాడు. ఆర్విల్ లేవబోయి, కుర్చీ పట్టుకుని ఆగిపోయాడు. మేమంతా చూస్తూ కూర్చున్నాం. గ్యాడిస్ దాన్ని తన వేటకుక్క మెడపట్టీకి తగిలించాడు.

"చూసుకోండి మాస్టారూ, ఇది కరవదులెండి."

ఆర్విల్ నిజంగానే మోకాళ్ల మీద కూర్చున్నాడు. కుక్క మెడ పట్టుకుని, టంకశాల గుర్తైన 'డి' అక్షరం కోసం భూతద్దంతో వెతికాడు. కుక్క అతని ముఖం నాకింది. గ్యాడిస్ ఫోటో తీశాడు.

మరుసటి నెల ఆ ఫోటో సంఘం పత్రికలో వచ్చింది. అచ్చు వేసింది నేనే.