ఇంక, ఇంకా

ఆ కారు మా ఆవిడది. నేలకి జానెడు ఎత్తు కూడా లేని పొట్టి కారు. ఆవిడా పొట్టిదే కాబట్టి ఇద్దరికీ చక్కగా కుదిరింది. ఆవిడ పోయి పధ్నాలుగు నెలలైనా డ్రైవరు సీటు ఆవిడ జరుపుకున్న చోటే ఉంది. మోకాళ్ళు స్టీరింగుకు ఆనుకుంటున్నా నేను అలాగే నడుపుతున్నాను.

నెల రోజులుగా ఇంజను ఆయిలు బొట్టు బొట్టుగా కారుతోంది. కింద ఒక బోల్టు బిగిస్తే చాలు. కానీ షాపుకి పంపితే, కారెక్కిన మొదటివాడే సీటు వెనక్కి నెట్టేస్తాడు. అందుకని కారు కిందికి దూరేందుకు వీలుగా, చక్రాలు ఎక్కించే ర్యాంపులు రెండు కొనుక్కొచ్చి, సాయానికి మా బావమరిదిని పిలిచాను. సీటు సంగతి మాత్రం వాడికి చెప్పలేదు.

మొదటిసారి చక్రం ర్యాంపుదాకా రానేలేదు. ముందే బంపరు తగిలి కర్రుమంది.

"దీనికి ర్యాంపెందుకు బావా, చాప పరిస్తే చాలదూ?" అన్నాడు వాడు.

పాత బీరువా చెక్కలు రెండు ర్యాంపుల ముందు వేశాం. వాటి మీదికెక్కితే బంపరు కాస్త లేస్తుందని. నున్నటి గచ్చు మీద చెక్కలు జారాయి. కింద రబ్బరు పట్టాలు వేశాం. ఈసారి ర్యాంపులు జారాయి. వాటి కిందా వేశాం. పన్నెండైంది. చొక్కా వీపుకి అంటుకుపోయింది. ఎక్కణ్ణించో ఓ మబ్బు తునక వచ్చి కాసేపు మా నెత్తిన నిలబడింది. ఆ పూట నా మొర ఆలకించింది అదొక్కటే.

నాలుగోసారి చక్రాలు ఎక్కాయి. వాడు పక్కనే నిలబడి చెయ్యి ఊపుతున్నాడు. "రా... రా... ఇంకా... ఇంక!"

నాకు రెండూ ఒకేలా వినపడ్డాయి. కాలు తీసేలోపు చక్రాలు ర్యాంపు చివరున్న గట్టుని గుద్దుకున్నాయి. కారు వెనక్కి దొర్లి ధబ్బున నేలమీద పడింది. బంపరు మూల చిట్లింది.

"ఇంక అన్నాను కదా!"

"ఇంకా అన్నావు."

"ఇంక అంటే ఆపమని!"

"దీర్ఘం తీశావురా!"

"బ్రేకు నొక్కడానికి దీర్ఘాలు చూస్తారా ఎవరైనా? మా అక్క చెప్తే ఆగేవాడివి కాదూ?"

"మీ అక్క నోటితో చెప్పేది కాదు. బానెట్ మీద రెండు దెబ్బలు వేసేది."

వాడు బానెట్ మీద చెయ్యి ఆనించాడు. తర్వాత కిటికీలోంచి నా కాళ్ళకేసి చూశాడు.

"అసలు కాలెత్తాలంటే ఆ మోకాలు ఎటు పోవాలి బావా? మడత కుర్చీని మూసేసినట్టు కూర్చున్నావు. సీటు వెనక్కి జరుపు."

"జరపను."

"ఏం?"

వాడు సీటుని చూశాడు. సీటుకీ పెడల్స్‌కీ మధ్యనున్న ఆ కాస్త దూరాన్నీ చూశాడు. గొంతు తగ్గింది.

"లెక్కపెడదాంలే. ఎన్ని టిక్కులు వెనక్కి వెళ్తే అన్నీ మళ్ళీ ముందుకి లాక్కుందువుగాని. షాపువాడైతే లెక్కపెట్టడు."

కోపమొచ్చింది, ఎవరి మీదో తెలియలేదు. సీటు కిందున్న కడ్డీ ఎత్తాను. టిక్కుమంది.

"ఒకటి," అన్నాడు. నాలుగు దాకా లెక్కపెట్టాడు.

ఐదోసారి కారు మెత్తగా ఎక్కింది. వాడు నోరు విప్పలేదు. బానెట్ మీద రెండు దెబ్బలు వేశాడు. ఆపాను.

హ్యాండ్ బ్రేకు వేసి, వెనక చక్రాలకి ఇటుకలు అడ్డంపెట్టి కిందికి దూరాను. బోల్టు పావు చుట్టు తిరిగి బిగిసింది. అంతే. పొద్దుట్నించీ పడ్డ పాట్లన్నీ ఆ పావు చుట్టు కోసం.

కారు దించాక, సీటు కడ్డీ పట్టుకుని ముందుకి లాగాను. ఒకటి. రెండు. మోకాలికీ స్టీరింగుకీ మధ్య నాలుగు వేళ్ళు పట్టే చోటు మిగిలింది. చెయ్యి కడ్డీ మీదే ఉంచి కూర్చున్నాను.

"ఇంకా రెండున్నాయి బావా," అన్నాడు వాడు.

"ఇంక చాల్లేరా," అన్నాను.