మున్నూరు గ్రాములు

మే నెల మిట్ట మధ్యాహ్నం, ఆకాశంలో ఒక్క మబ్బు లేదు. విజి రెయిన్‌కోటు తొడుక్కుని స్టేడియం చుట్టూ పరుగెత్తుతోంది. కోటు వాళ్ళ నాన్న అయ్యనార్‌ది, వానలో ఆటో తోలేటప్పుడు వేసుకునేది. గుండీలు మెడదాకా పెట్టి, మణికట్ల దగ్గర రబ్బరు బ్యాండ్లు బిగించింది వాళ్ళమ్మ మారియమ్మే. చెమట పట్టాలి, ఆ చెమటతో బరువు దిగాలి. నిన్న పొద్దుటినుంచి ఆ పిల్ల గొంతులో నీటిచుక్క పడలేదు.

మూడింటికి తూకం. ఈ పోటీల్లో యాభై అయిదు కిలోలు దాటిన అమ్మాయి కబడ్డీ ఆడకూడదు. పొద్దున విజి యాభై ఆరు దాటి ఉంది.

గోడనీడలో ప్లాస్టిక్ కుర్చీ వేసుకుని రఘునాథన్ గడియారం చూస్తున్నాడు. ఆయన ఒక గవర్నమెంటు ఆఫీసులో సూపరింటెండెంటు. మారియమ్మ అదే ఆఫీసులో రోజుకు డెబ్బై రూపాయల కూలీకి ఊడుస్తుంది. జట్టుకు ఆయనే మేనేజరు. ఏ ఆటా ఆడి ఎరగడు. ఆ పదవికి అదేమీ అడ్డం రాలేదు. బరువు చూసే మిషను నెల్లితోపులో తన ఇంటినుంచి తెచ్చాడు. డాక్టరు ఒళ్ళు తగ్గమన్నాడని కొన్నది. మూడు రోజులు ఎక్కి చూసి, మిషను తప్పు చూపిస్తోందని తేల్చి, మంచం కిందికి తోసేశాడు. విజి బరువు విషయంలో మాత్రం దాన్ని పూర్తిగా నమ్ముతున్నాడు.

ఆయన కూతురు అభినయ కూడా జట్టులోనే ఉంది. నలభై తొమ్మిది కిలోలు, కొత్త బూట్లు, కొత్త మోకాలి పట్టీలు. ఎక్స్‌ట్రా ప్లేయరు. బెంచీమీద కూర్చున్నవాళ్ళకూ సర్టిఫికెట్టు వస్తుంది. జట్టు సెమీఫైనల్ చేరితే ఆ కాగితంతో స్పోర్ట్స్ కోటాలో ఇంజనీరింగు సీటుకు దరఖాస్తు పెట్టొచ్చు. కూతుర్ని కబడ్డీలో చేర్చి ఏడాదయింది. ఈ ఏడాదిగా ఆమెను ఆడనివ్వకుండా కంటికి రెప్పలా కాపాడుకుంటూ వచ్చాడు. దెబ్బలు తగిలే ఆట కదా.

మారియమ్మకూ ఆశ ఉంది. అదే కాగితంతో హోంగార్డు సెలక్షన్లో విజికి చోటు దొరుకుతుందని సార్ చెప్పాడు. "ఈ అరవ ఊళ్ళో మన తెలుగోళ్ళం, ఒకరికొకరం," అన్నాడు, పదకొండేళ్ళుగా ఆమెతో అరవంలో తప్ప మాట్లాడని మనిషి. ఆమె చిన్నప్పుడు దీన్ని చెడుగుడు అనేవారు. వీధిలో గీత గీసి, ఊపిరి ఉన్నంతసేపూ ఆడేవారు. ఎవరి బరువెంతో ఎవరూ అడగలేదు. ఇప్పుడు దానికి ఒక ఫారమూ, మూడు ఫోటోలూ. ఆటలో ఏం జరిగినా నిర్వాహకుల బాధ్యత కాదని ఫారం చివర రాసుంది. మారియమ్మ దాని కింద వేలిముద్ర వేసింది.

రెండుంపావుకు విజి వచ్చి మిషనెక్కింది.

"మున్నూరు గ్రాములు," అన్నాడు రఘునాథన్ వంగి చూసి. యాభై అయిదు మీద ఇంకా మూడు వందలు చూపిస్తోంది మిషను. "అంతే మారియమ్మా! మా ఇంట్లో ఒక పూట ఉప్మాకు పోసే రవ్వ. చింతపండు పెట్టు. నోరూరితే ఉమ్మేస్తాది. రెండు టంబ్లర్లు ఉమ్మితే అయిపోయ."

మారియమ్మ చింతపండు ఉండ కూతురి నోట్లో పెట్టింది. విజి చప్పరించింది. దవడలు కదిలాయి. టంబ్లరు మీదికి వంగింది. ఏమీ రాలేదు.

"పులుపు లేదా అమ్మే?" అంది తల్లి.

"ఉండాది." నాలుక అంగిటికి అంటుకుని మాట ముద్దయింది. "నీళ్ళే ఊరలే."

మారియమ్మ కోటు చేతిని పైకి తోసి చూసింది. చర్మం కాలుతోంది, తడి లేదు. ఇందాకటి చెమట ఉప్పై తెల్లగా పేరుకుంది. కాలి పిక్క దానంతటదే ఎగురుతోంది.

"సార్, దీనికి చెమటే రాలే. ఒళ్ళు పొయ్యి మాదిరి కాల్తా ఉండాది."

"అది వార్మప్. మంచిదే. మూడింటికి ఇంకా ముక్కాల్ గంట ఉండాది గదా. నాలుగు రౌండ్లు కొట్టమను. లేదంటే జడ కత్తిరిద్దాం, అదే ఇన్నూరు గ్రాములుంటాది."

"నా జడ కూడానా డాడీ?" అంది అభినయ.

"నీకెందుకమ్మా? నువ్వేమన్నా ఆడేదానివా?"

మారియమ్మ కూతురి కోటు చేతిని కిందికి దించింది. "అభినయమ్మనే దింపండి సార్. ఆయమ్మ తూకం సరిగ్గా ఉండాది గదా."

రఘునాథన్ కుర్చీలోంచి లేచాడు. "ఏంది మారియమ్మా, బుద్ధి ఉండే మాట్లాడతాండావా? కాలో చెయ్యో విరిగితే? చదువుకునే బిడ్డ!"

విజి, అభినయ ఇద్దరూ ఈ ఏడాదే ప్లస్‌టూ పరీక్షలు రాశారు. ఆ సంగతి ఎవరూ ఎత్తలేదు.

విజి మళ్ళీ కోటు గుండీ పెట్టుకోబోయింది. వేళ్ళు కొంకర్లు పోయాయి. గుండీని వెతుకుతూ వెతుకుతూ నేలమీద కూలబడింది.

మారియమ్మ చెంబు తీసుకుని కుళాయి దగ్గరికి నడిచింది.

"తాపొద్దు!" రఘునాథన్ అడ్డం వచ్చాడు. "చెంబు నీళ్ళంటే ముక్కాల్ కిలో! అంతా పోతాది! నీ బిడ్డ ఉద్యోగం పోతాది!"

"పోనీ సార్."

"రేపు ఆఫీసుకు రావాలనుందా నీకు?"

ఆ డెబ్బై రూపాయల కూలి రాని వారం ఎట్లా గడుస్తుందో మారియమ్మకు తెలుసు. ఆయన పక్కనుంచి వెళ్ళి చెంబు నింపుకొచ్చి కూతురి నోటికి పెట్టింది.

విజి మొహం తిప్పుకుంది. "వద్దుమా. మున్నూరే గదమా. నేను పరిగెత్తుతా." ఏడ్చింది. కన్నీళ్ళు రాలేదు.

మారియమ్మ కూతురి మెడ చుట్టూ చెయ్యి వేసి, మోకాళ్ళ మధ్య బిగించి పట్టింది. నలుగురు ఒడిసిపట్టినా జారి గీత తాకే పిల్ల. తల్లి పట్టులోంచి జారలేకపోయింది.

"మింగవే. ఆ హోంగార్డు కాకీ గుడ్డలు నాకొద్దు. నువ్వుంటే చాలు. మింగు."

మొదటి గుక్క గడ్డం మీదుగా కారిపోయింది. రెండోది గుటకపడింది.

మైకులో తూకానికి పేర్లు పిలవడం మొదలయింది. విజి, డాటర్ ఆఫ్ అయ్యనార్. అభినయ లేచి, ఆడటానికే అన్నట్టు మోకాలి పట్టీలు పైకి లాక్కుంది. ఆమె ఎందుకు లేచిందో రఘునాథన్‌కు ఒక క్షణం అర్థం కాలేదు.

"కూచో," అన్నాడు. అభినయను చూపిస్తూ మైకు వైపు తిరిగి గట్టిగా చెప్పాడు, "మా బిడ్డకు పొద్దుట్నించీ జొరం సార్!"

విజి పేరు రెండోసారి పిలిచారు. మారియమ్మ ఖాళీ చెంబు పట్టుకుని మళ్ళీ కుళాయి తిప్పింది.