స్టవ్వుల ఖాసిం కారు

"తొక్కుమే" అన్నాడు ఖాసిం కారు కింద నుంచి.

బీజాన్ కుచ్చిళ్లు మోకాళ్ల మధ్య ఇరికించుకుని, డ్రైవరు సీట్లో సగం కూర్చుని, చెప్పు విప్పిన కాలితో బ్రేకు తొక్కింది. చక్రం వెనకనున్న చిన్న మరలోంచి నూనె బుడగలు బుడగలుగా సీసాలోకి దిగింది.

"పట్టుకో... ఇడువు... మళ్లీ తొక్కు."

"కాలు గుంజుతాంది. ఇంగెంతసేపప్పా?"

"గాలంతా పోవల్ల. గాలుంటే బ్రేకు పడదు."

బీజాన్ తొక్కుతూనే ఉంది. నంద్యాలలో ఆ సందు సందంతా నీళ్లు పట్టుకునే హడావిడిలో ఉంటే, ఆమె మాత్రం తెల్లారినప్పటి నుంచి ఈ సీటుకు అంటుకుపోయింది. ఆమె భయమంతా ఒక్కటే. ఈ కారు ఇవాళ ఆళ్లగడ్డ పోయి, నెలలు నిండిన కూతురు ఆర్షియాను తొలికాన్పుకు ఇంటికి తీసుకురావాలి.

"మెకానిక్కుకు చూపిచ్చరాదా? పిల్ల కడుపుతో ఉండాది."

"వాళ్లు చేసేదీ ఇదే. దుడ్లు తీసుకోని చేస్తారు, అంతే తేడా. ఆ దుడ్లు కాన్పుకు అక్కరకొస్తాయి."

మొగుడు కారు కింది నుంచి పాక్కుంటూ బయటికొచ్చాడు. బక్క మనిషి. గడ్డం సగం నెరిసింది. కుడిచేతి బొటనవేలి గోరు ఎప్పుడో సుత్తి దెబ్బకు చదునైపోయి, మళ్లీ సరిగా పెరగలేదు. మణికట్టు మీద పాత కాలిన మచ్చలు. వేళ్ల గీతల్లో దిగిన నలుపు ఏ సబ్బుకూ వదలదు. పండగ నమాజుకు పోయినా ఆ చేతులను చూసి ఎవరైనా స్టవ్వుల ఖాసిమని గుర్తుపడతారు.

స్టవ్వులంటే గ్యాసు స్టవ్వులు కావు, పంపు కొట్టి వెలిగించే కిరసనాయిలు స్టవ్వులు. వాటికి నంద్యాలలో ఖాసిమే పెద్ద డాక్టరు. గాలి ఎక్కట్లేదని ఏ ఇల్లాలు స్టవ్వు తెచ్చినా ఆయన చేసే వైద్యం ఒకటే. పంపు కడ్డీ లాగి, కొసనున్న తోలు వాషరు తీసి, సాసరులో కుట్టుమిషన్ నూనె పోసి, రాత్రంతా నానబెట్టేవాడు. ఎండి ముడుచుకున్న తోలు తెల్లారేసరికి నూనె తాగి, ఉబ్బి, గొట్టానికి నిండుగా పట్టేది. ఆ ఒక్క వాషరుతోనే పెళ్లి చేసుకున్నాడు, బిడ్డను పెంచాడు.

తరవాత ఇంటింటికీ గ్యాసు వచ్చింది. స్టవ్వులు అటకలెక్కాయి. ఖాసిం కూడా అటకెక్కేవాడే గానీ, ఉన్నదంతా ఊడ్చి ఈ పాత తెల్లకారు కొన్నాడు. వెనక సీటు పీకేసి కుక్కరు రబ్బర్లు, బర్నర్లు, గ్యాసు పైపులు నింపుకుని ఒకరోజు పాణ్యం, ఒకరోజు కోయిలకుంట్ల, ఒకరోజు ఆళ్లగడ్డ తిరుగుతూ రిపేర్లు చేస్తాడు. కారుకు ఏ రోగమొచ్చినా తనే చూసుకుంటాడు. ఎండాకాలంలో షాకబ్జర్లు పోతే ఫోన్లో వీడియోలు చూసి తనే మార్చుకున్నాడు. కారు గుంతల్లో కూడా కిమ్మనకుండా పోయింది. అప్పటి నుంచీ మెకానిక్కులందరూ ఆయన కంటికి దొంగల్లాగే కనపడుతున్నారు.

మొన్న బ్రేకులు జారడం మొదలైంది. రబ్బర్ల సెట్టు తెచ్చి మళ్లీ వీడియో పెట్టాడు. అందులో పిల్లవాడు రబ్బర్లను ఏదో నూనెలో ముంచి బిగించాడు. ఏ నూనో వాడు చెప్పలేదో, చెప్పినా మన ఖాసిం వినలేదో. ఆయనకు నూనె అంటే ఒకటే నూనె. పంపంటే పంపే, అక్కడ గాలి, ఇక్కడ ద్రవం. అలవాటైన చెయ్యి అలవాటైన సాసరునే వెతికింది. రబ్బర్లన్నీ రాత్రంతా కుట్టుమిషన్ నూనెలో నానాయి. పొద్దున్నే తీసి పెడల్ దగ్గరి పంపులోనూ, నాలుగు చక్రాల్లోనూ బిగించాడు. సెట్టులో ఎక్కువ వచ్చిన రబ్బరొకటి సాసరులోనే మిగిలిపోయింది.

"ఇప్పుడు చూడు" అంటూ పెడల్ తొక్కాడు. రాయిలాగా నిలబడింది. "చూసినావా, ఎంత నిండుగా పట్టిందో."

బీజాన్‌కు ఏమీ తెలియలేదు. తెలియని వాటికి ఆమె దువా చేస్తుంది. టైరు వెనక అడ్డం పెట్టిన రాయిని తీసి కారులో వేసింది. హ్యాండ్ బ్రేకు తీగ తెగి చాలా రోజులైంది, దానికి బదులు ఈ రాయే.

"పిల్లతో వస్తాండావ్, మెల్లగా రా."

సిరివెళ్ల దాకా కారు బుద్ధిగానే పోయింది. అక్కడ ఒక హోటలామె కుక్కరుకు పిడి బిగించి, టీ తాగి, మళ్లీ బయలుదేరాడు. కొంతదూరం పోయాక బండి బరువెక్కినట్టు అనిపించింది. కాలు తీసినా ఎవరో వెనక నుంచి పట్టుకుని లాగుతున్నట్టు ఉంది. తరవాత కాలిన వాసన మొదలైంది. ముందు పొలాల్లో ఏదో తగలబెడుతున్నారనుకున్నాడు. పొలాలు దాటినా వాసన వెంటే వచ్చింది.

రోడ్డు పక్కన ఆపి చక్రం మీద చెయ్యి వేశాడు, వెంటనే తీసేశాడు. అంత వేడి. స్టవ్వు మంటల్లో పండిపోయిన చెయ్యి అది, అలాంటిదే కాలింది. కూర్చున్నా నిలబడ్డా ఒకటే ఆలోచన, ఇందులో ఆర్షియా కూర్చోవాలి. వచ్చేటప్పుడు ఆమె కోసం ముందు సీటు మీద బీజాన్ దిండు వేసి పంపింది. ఆ దిండును చూడబుద్ధి కాలేదు.

చక్రాలు చల్లారేదాకా ఆగాడు. ప్రాణాలు అరచేతిలో పెట్టుకుని, బ్రేకు ముట్టుకోకుండా, గేర్ల మీదనే ఆళ్లగడ్డ చేరాడు. శిల్పుల షెడ్ల దగ్గర రాతిదుమ్ము రోడ్డు మీదికి లేస్తోంది. ఆ పక్కనే సాల్మన్ రాజు మెకానిక్ షాపు. మామూలుగా దాని వైపు చూడనైనా చూడడు. ఇవాళ పోయి ఆపాడు.

సాల్మన్ రాజు ఒక చక్రం విప్పి, లోపలి రబ్బరు లాగి, వేళ్ల మధ్య నలిపి, వాసన చూశాడు.

"ఏం నూనె పెట్టినావు ఖాసిమన్నా?"

"కుట్టుమిషన్ నూనె. రాత్రంతా నానేసినా."

"దీనికి బ్రేకు నూనె తప్ప ఇంగోటి తగలకూడదు. ఆ నూనె తగిల్తే ఉబ్బుతాది."

"ఉబ్బితేనే గదప్పా నిండుగా పట్టేది."

"అది తోలు, ఇది రబ్బరన్నా. ఉబ్బి ఇడవకుండా పట్టుకుంటాది, చక్రం కాలుతాది. కాలీ కాలీ చెడినాక ఇంగ పట్టనే పట్టదు. కాలు పెడితే నేల దాకా పోతాది. బండి ఈడ్నే ఇడిచిపెట్టిపో. అన్నీ ఇప్పి, కడిగి, కొత్తవి ఎయ్యల్ల."

ఖాసిం ఇన్నేళ్ల వైద్యం ఒక్క మాటతో విషమైపోయింది. సిగ్గు ఒకవైపు, భయం ఒకవైపు. అన్నీ కొత్తవి వేయించాలంటే బీజాన్ బియ్యం డబ్బాలో దాచిన కాన్పు దుడ్లు తియ్యాలి. ఆసుపత్రిలో కోత పడితే ఏం పెట్టి కడతాడు? ముందు నుయ్యి, వెనక గొయ్యి.

"ఇట్లనే వచ్చినా గదా. మెల్లగా నంద్యాల చేరుకుంటా. ఆడ చూసుకుంటా."

"నీ ఇష్టమన్నా. ఆ పాపను మాత్రం ఎక్కిచ్చాకు" అని సాల్మన్ రాజు ఆ రబ్బరే మళ్లీ పెట్టి, గాలి తీసి, చక్రం బిగించి ఇచ్చాడు.

వియ్యపురాలు ముంతాజ్ ఇంటి ముందు ఆర్షియా పసుపు ముసుగు వేసుకుని, సంచీ సర్దుకుని కూర్చుని ఉంది. అల్లుడు రఫీ పనిమీద బనగానపల్లె పోయాడు. ఖాసిం మంచినీళ్లు తాగి, గ్లాసు కింద పెట్టి, నేల చూస్తూ అన్నాడు.

"అమ్మీ, నువ్వు బస్సులో పో. కారు లోపల ఉడుకు. బస్సులో అయితే గాలి తగుల్తాది."

ముంతాజ్ నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. "నెల నుంచీ కారు కారని చెప్తివి. ఇప్పుడు బస్సెక్కిస్తాండావా అన్నా? నిండు మనిషిని?"

ఇంకొక రోజైతే ఖాసిం ఆ మాటకు నాలుగు మాటలు అప్పజెప్పేవాడు. ఇవాళ తల వంచుకుని సంచీ అందుకున్నాడు. పక్కనే ఉన్న కారు వైపు తలెత్తి కూడా చూడలేదు. ఆర్షియా అది చూసింది.

ఆటోలో ఆమె ముందు, కారులో ఆయన వెనక బస్టాండు చేరారు. అక్కడ ఆయన చెవి దగ్గరికొచ్చి మెల్లగా అడిగింది. "కారుకేమన్నా అయిందా నాయనా?"

"ఏం కాలా."

"మరి నువ్వు గూడా నాతో రా. కారు ఈడ్నే ఉండనీ."

ఆ ఒక్క మాట వినుంటే ఎంత బాగుండేది. వినలేదు. సామానంతా కారులోనే ఉంది, రేపు పాణ్యం పోవాలి, కారును సాల్మన్ రాజు దగ్గర వదిలితే బియ్యం డబ్బాకు చిల్లు పడుతుంది.

"నేను ఎనకాల్నే వస్తా. నువ్వు తలకాయ తిప్పితే కనపడతా, సరేనా?"

కండక్టరును బతిమాలి బస్సు వెనక అద్దం దగ్గరి సీటు ఇప్పించాడు. సంచీ ఆమె కాళ్ల దగ్గర పెట్టి, బస్సు దిగి, కారెక్కాడు. సగం భయం తీరిపోయినట్టే అనిపించింది. పిల్ల బస్సులో ఉంది. ఇక మిగిలింది తన ఒక్క ప్రాణమే.

చల్లారిన చక్రాలు మొదట బాగానే తిరిగాయి. రోడ్డుకు కుడివైపు నల్లమల కొండలు ఎండకు మసకబారి ఉన్నాయి. ఖాసిం బస్సుకు దూరంగానే ఉన్నాడు. కానీ మధ్యలో ఆటోలు దూరాయి, ఒక ట్రాక్టరు దూరింది. పసుపు ముసుగు ఇటు తిరిగి వెతుకుతోంది. కనపడతానని మాట ఇచ్చాడు కదా. ట్రాక్టరును దాటి దగ్గరికి పోయాడు. ముసుగు ఊగింది, చెయ్యి ఊపింది. ఖాసిం లైట్లు ఒకసారి వేసి ఆర్పాడు.

మళ్లీ బండి బరువెక్కింది. మళ్లీ అదే వాసన. ఆగి చల్లారనిద్దామనుకున్నాడు. ఆగితే బస్సు పోతుంది, కారు కనపడకపోతే పిల్ల బెంబేలెత్తి కడుపు మీదికి తెచ్చుకుంటుంది. ఇంకొంచెం దూరం, సిరివెళ్ల దాకా, అని తనకు తానే చెప్పుకున్నాడు. నోట్లో కల్మా ఆడుతూనే ఉంది.

సిరివెళ్ల ఇంకా రాకముందే గొర్రెల మంద రోడ్డెక్కింది. బస్సు ఆగింది.

ఖాసిం బ్రేకు మీద కాలు పెట్టాడు. కాలు నేల దాకా పోయింది. మళ్లీ తొక్కాడు. దూదిని తొక్కినట్టు ఉంది. గేరు దించాడు, ఇంజను అరిచింది గానీ కారు ఆగలేదు. కుడి పక్కన లారీ. ఎదురుగా బస్సు వెనక అద్దంలో పసుపు ముసుగు, దగ్గరికి, ఇంకా దగ్గరికి వస్తోంది. ఆమె నవ్వి, గొర్రెలను చూడ్డానికి ముందుకు తిరిగింది. ఆయన స్టీరింగును ఎడమకు, రెండు చేతులతో, ఉన్న బలమంతా పెట్టి తిప్పాడు.

ఎడమ పక్కన కల్వర్టు రాతిగోడ ఉంది.

మంద దాటింది, బస్సు కదిలింది. గొర్రెల అరుపుల్లో, ఇంజను మోతలో వెనకేం జరిగిందో బస్సులో ఎవరికీ వినపడలేదు. ఆర్షియా తల తిప్పి చూస్తే తెల్లకారు రోడ్డు దిగి, కల్వర్టు పక్కన కొంచెం ఒరిగి నిలబడి ఉంది. సాయంత్రపు అసర్ నమాజుకు ఆగాడేమో అనుకుంది. నమాజుకు ముందు కాళ్లు చేతులు కడుక్కోవడానికి నాయనకు ఎక్కడ నీళ్లు కనపడితే అక్కడ ఆగే అలవాటు. అయినా నంద్యాల వచ్చేదాకా తల తిప్పి చూస్తూనే ఉంది. బస్టాండులో దిగి ఫోను చేసింది. రింగు పోతోంది గానీ ఎవరూ ఎత్తలేదు.

ఆ వేళకు ఇంట్లో బీజాన్ కూతురి కోసం మంచం వాల్చి, దుప్పటి మార్చింది. పొద్దున కారు నిలబెట్టిన చోట నేల మీది జిడ్డుకు బూడిద చల్లి ఊడ్చింది. గోడ మీదున్న సాసరు తీసి కడగబోయింది. అందులో మిగిలిన రబ్బరు కనపడి ఆగింది. ఏ సామాను కదిలించినా ఖాసిం ఊరుకోడు, వచ్చి యాడ పెట్టినావని అడుగుతాడు. ఉన్నచోటనే మళ్లీ పెట్టేసి, వీధి తలుపు దగ్గరికి పోయి నిలబడింది.

గోడ మీద సాసరులో ఆ చిన్న నల్ల రబ్బరు, నూనె తాగి తాగి మెత్తబడి, ఇక ఏ గొట్టంలోనూ పట్టనంతగా ఉబ్బి ఉంది.