అక్కనడగండి

మా మంచినీటి సరఫరా ఆఫీసును బాగుచెయ్యడానికి ప్రభుత్వం ఒక శిక్షకుణ్ణి పంపింది. ఆ కార్యక్రమానికి 'సంస్థాగత అభివృద్ధి' అని పేరు. అది పలకడానికే మా డ్రైవరు రెండుసార్లు తడబడ్డాడు. నాకు మాత్రం ఆ శిక్షకుడు ఏం చేసినా ఒకటే, ఎందుకంటే నా బదిలీ ఉత్తర్వు అప్పటికే వచ్చేసింది. నెలాఖరుకు పెద్దసారు నన్ను వదిలిపెడితే, మా ఆయనా ఎనిమిదేళ్ల మా పాపా ఉన్న ఊళ్లో చేరిపోతాను. ఇన్నాళ్లూ వారానికోసారి చుట్టంలా వెళ్లొచ్చే తల్లిని నేను. పాపను చూసుకునేది మా ఆడపడుచు.

శిక్షకుడు మంచివాడే. మీటింగ్ హాల్లో కుర్చీలు తీయించి, మా అందర్నీ గుండ్రంగా నిలబెట్టి, ఒక ఎర్ర ఊలు ఉండ చేతికిచ్చాడు. పనిలో చిక్కొస్తే ఎవరి దగ్గరికి వెళ్తారో వాళ్లకి ఉండ విసరాలట. అందుకున్నవాళ్లు దారాన్ని నడుముకు ఒక చుట్టు చుట్టుకుని, ఉండను ఇంకొకరి చేతికివ్వాలట.

టైపిస్టు నాకు విసిరింది. మీటర్లు చూసేవాడు నాకే విసిరాడు. ఇంజనీరూ నాకే. ఏ వీధికి ఏ వాల్వు తిప్పాలన్నా, కోర్టుకు జవాబు ఎలా రాయాలన్నా మా ఆఫీసులో ఒకటే మందు, "అక్కనడగండి". చివరికి పెద్దసారు కూడా నవ్వుతూ నాకే విసిరారు. చుట్ల మధ్య మెసలలేక నిలబడిపోయాను. అందరూ చప్పట్లు కొట్టారు. నిజం చెప్పొద్దూ, గర్వమేసింది. అంతమంది కలిసి మునగచెట్టు ఎక్కిస్తుంటే కిందికి చూడాలని ఎవరికి తోస్తుంది?

శిక్షకుడు నవ్వలేదు. ఆఫీసంతా ఒక్క మనిషి మీద వేలాడుతోందనీ, ఇదే జబ్బనీ, ఆ మనిషి రాని రోజు ఊరికి నీళ్లుండవనీ చెప్పాడు. నేను లోలోపల సంబరపడ్డాను. జబ్బు దొరికింది కదా, ఇక నా పని నలుగురికీ పంచి నన్ను సాగనంపుతారనుకున్నాను. పెద్దసారు చెవికెక్కింది మాత్రం ఆ చివరి ముక్క ఒక్కటే.

సాయంత్రం తన గదికి పిలిచి కూర్చోమన్నారు. ఆయన కూర్చోమన్నారంటే అది మంచి కబురు కాదు.

"నిన్ను వదిలితే రేపు జనం ఖాళీ బిందెలతో ఈ గదిలో కూర్చుంటారమ్మా. ముందు వీళ్లందరికీ పని నేర్పు. అప్పుడు నేనే దగ్గరుండి పంపిస్తాను" అన్నారు.

బదిలీ ఆగిపోయింది. బదులుగా 'మార్పు సారథి' అని ఒక బిరుదూ, మెడలో వేసుకునే కార్డూ ఇచ్చారు. కొండనాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడటమంటే ఇదే.

నేర్పాను. భోజనాలయ్యాక రోజూ కూర్చోబెట్టి మరీ నేర్పాను. అందరూ తలలూపారు, మర్నాడు మళ్లీ నా బల్ల దగ్గరికే వచ్చారు. "నువ్వుంటావుగా అక్కా, మాకెందుకీ తంటా" అంది టైపిస్టు, ప్రేమగానే. నేనుంటే వాళ్లు నేర్చుకోరు. వాళ్లు నేర్చుకుంటే గానీ నన్ను వదలరు. ఈ ముడి శిక్షకుడికే చూపిద్దామంటే ఆయన మరో ఆఫీసును బాగుచెయ్యడానికి వెళ్లిపోయాడు. ఒకరోజు మొండికేసి, ఏమడిగినా తెలియదన్నాను. మధ్యాహ్నానికి రెండు వీధులు ఎండిపోయాయి. ఒక ముసలావిడ బకెట్టుతో మెట్లెక్కి వచ్చింది. ఆవిణ్ణి చూసి నేనే పరిగెత్తి ఏ వాల్వు తిప్పాలో చెప్పాను. నా మీద నాకే ఒళ్లు మండింది.

నెలాఖరున పాపకు ఫోన్ చేసి రావడం లేదని చెప్పాను. ఏడుస్తుందని ఓదార్పు మాటలు సిద్ధం చేసుకున్నాను. అది ఏడవలేదు. ఎందుకని అడిగింది. ఇక్కడ నా పని ఇంకెవరికీ రాదన్నాను.

అదే నన్ను ఓదార్చింది.

"పర్లేదులే అమ్మా. ఇక్కడ నీ పని అత్తకి మొత్తం వచ్చేసింది."