అంటుకోని లేబుల్

శనివారం పొద్దున ఇడ్లీలు తినేసి ప్రవల్లిక, గిరిధర్ ఉప్పళంలో ప్రవల్లిక వాళ్ళింటి నడవలో చాప పరుచుకొని కూర్చున్నారు. ఇద్దరూ బీబీఏ రెండో సంవత్సరం. ప్రతి గ్రూపూ ఏదో ఒక సరుక్కి సీసా, లేబుల్ తయారుచేసి సోమవారం కాలేజీలో చూపించాలి. బాగున్నదాన్ని బజారులో పెద్ద షాపువాళ్ళు అమ్మకానికి పెడతారట. వీళ్ళ సరుకు కరివేపాకు పొడి. లేబుల్ గీసింది గిరిధర్. పచ్చ అంచు, మధ్యలో రోలు బొమ్మ, అరవంలో పేరు. ముద్దుగానే ఉంది.

అంటించారు, ఊడింది. మళ్ళీ అంటించారు, మళ్ళీ ఊడింది.

అచ్చేసింది చెల్లప్పన్ ప్రెస్సు. అక్కడ అచ్చయిన కాగితం మీద అబద్ధముంటే అది దేనికీ అంటుకోదు. ఎన్నికల పోస్టర్లు పొద్దున అంటిస్తే మధ్యాహ్నానికి రోడ్డున పడతాయి, ఊడ్చేవాళ్ళు తిట్టుకుంటూ ఊడుస్తారు. తినే సరుక్కి ఆ ప్రెస్సు లేబుల్ లేకపోతే బజారులో ఎవరూ ముట్టుకోరు.

"తూకం సరిగ్గా ఏసినావా?" ప్రవల్లిక గిరిధర్‌ని అనుమానంగా చూసింది.

"నన్నంటావేంది? మీ అమ్మ రంగేమైనా కలిపిందేమో అడుగు."

"రంగా! మా ఇంట్లోనా!" అని ప్రవల్లిక తల్లి మంగళ లేచింది. "నీ గమ్మే నాసిరకం రా అబ్బీ."

గిరిధర్ కత్తెర తీసుకొని లేబుల్‌ని వరుసకొక ముక్కగా కత్తిరించి, ఒక్కొక్కటే సీసాకు అంటించాడు. తూకం నిలిచింది. 'రంగు కలపలేదు' నిలిచింది. తేదీ నిలిచింది. 'తయారీ: మంగళ' అని ఇంటి అడ్రసుతో సహా ఉన్న ముక్క మాత్రం జారి చాప మీద పడింది.

ముగ్గురూ తలలు వంచుకున్నారు. వంటింట్లో రుబ్బురోలు గరగరమంటోంది. రుబ్బేది ధనభాగ్యం, ప్రవల్లిక తండ్రి వరదరాజులుకు అక్క. మొగుడు పోయాక ఇక్కడికొచ్చి ముప్ఫై ఏళ్ళయింది. పొడీ ఆమెదే, ఊరగాయలూ ఆమెవే. ఇల్లు ఇరుకైందని వరదరాజులు ఆమెను విల్లుపురంలో ఉన్న తమ్ముడు శివలింగం దగ్గరికి పంపించేస్తున్నాడు. శివలింగం రేపే వస్తాడు. ఆ ఇంట్లో తనకు వరండా తప్ప చోటు లేదని, మరదలు పలకరించను కూడా పలకరించదని ధనభాగ్యానికి తెలుసు. పోతావా అని ఆమెను ఎవరూ అడగలేదు.

గిరిధర్ సైకిలేసుకొని పోయి కొత్త ముక్క వేయించుకొచ్చాడు. 'తయారీ: ధనభాగ్యం', పక్కనే ఇంటి అడ్రసు. పేరున్న సగం చటుక్కున అంటుకుంది. అడ్రసున్న సగం మాత్రం పైకి లేచింది.

"డోర్ నంబరు తప్పా?" అన్నాడు గిరిధర్.

"నంబరు సరే. రేపటికి అత్త ఈడ ఉండదు గదా" అంది ప్రవల్లిక. పక్కనే కుర్చీలో కూర్చున్న తండ్రి మొహం ఆమెకు చూడాలనిపించలేదు.

మంగళ మొగుడి వైపు తిరిగింది. "మీ తమ్ముడికి ఫోన్ చేయండి, రావద్దనండి. షాపులో మన సీసా ఉండాలా వద్దా?"

వరదరాజులు గొణుక్కుంటూ ఫోన్ చేశాడు. "శివలింగం, రేపు రావద్దులే." పెట్టేసి సీసా వైపు చూశాడు. కాగితం ఇంకా లేచే ఉంది.

"నిజంగానే చేసినారా?" మంగళకు అనుమానం వచ్చింది.

"నీ ఎదురుగానే గదా చేసినా!"

అందరూ వంటింట్లోకి పోయారు. ధనభాగ్యం రోలు కడిగేసి, తన చీరలు సంచిలో సర్దుకుంటోంది.

"యాడికి పోతావక్కా? శివలింగాన్ని రావద్దన్నా."

"వాడు రాకపోతే నాకు బస్సు తెలీదా? సీసా కోసం ఉండమంటే నేనుండను."

వరదరాజులుకు సిగ్గేసింది. చిన్నప్పుడు తనను చంకనేసుకొని తిప్పిన మనిషి. "సీసా కోసం కాదక్కా. ఇది నీ ఇల్లు" అన్నాడు.

ధనభాగ్యం అతణ్ణి కిందినుంచి పైదాకా చూసింది. "నోటితో ఎవురైనా చెప్తారు. చెల్లప్పన్ దగ్గర అచ్చేయించుకోని రా."

వరదరాజులు చెప్పులు కూడా వేసుకోకుండా పోయాడు.

"నిజమేనా? ఊరికే కాగితం పాడు చేయొద్దు" అన్నాడు చెల్లప్పన్. వరదరాజులు రెండు చేతులా బల్ల పట్టుకొని, "నిజమే. వెయ్యి" అన్నాడు.

ఆ కాగితాన్ని ధనభాగ్యమే వంటింటి గుమ్మం పైన అంటించింది. 'ఇది మా అక్క ధనభాగ్యం ఇల్లు.' ఎవరినీ దగ్గరికి రానివ్వకుండా నడుము మీద చేయి పెట్టుకొని నిలబడింది. ఫ్యాను ఫుల్లుగా పెట్టించింది. అంచు కింద గోరు పెట్టి లాగింది.

ఊడలేదు. అప్పుడు ధనభాగ్యం గడప మీద కూలబడి, మొగుడు పోయిన రోజున కూడా ఏడవనంతగా ఏడ్చింది.