ఓడిపోవడానికి వచ్చానండి

తొమ్మిది కొట్టగానే బెర్తలాన్ షొమోది ఇంటి తలుపు మూడుసార్లు చప్పుడయ్యేది. అతని చెల్లెలు ఎతెల్క వంటింట్లోంచి చేతులు తుడుచుకుంటూ వచ్చి తీసేది. గుమ్మంలో ఎన్నెన్ గారు బూడిదరంగు టోపీ చేత్తో పట్టుకుని నిలబడి ఉండేవాడు.

"ఓడిపోవడానికి వచ్చానండి," అనేవాడు.

"రండి. బూట్లు తుడుచుకుని రండి, ఇప్పుడే నేల కడిగాను," అనేది ఎతెల్క.

ఆయన టోపీ కొక్కేనికి తగిలించి, కిటికీ పక్క బల్ల దగ్గర షొమోదికి ఎదురుగా కూర్చుని, పదకొండు లోపల రెండు ఆటలు ఓడిపోయేవాడు, ఓడినప్పుడల్లా తన రాజుని మెల్లగా పక్కకి పడుకోబెట్టేవాడు. కాఫీ తాగి ఇంకొకటి ఓడేవాడు. మిరప్పొడి వేసి వండిన కోడికూరతో భోజనం చేశాక, కడుపు బరువుగా ఉంటే ఒకటి, లేకపోతే రెండు. షొమోది ఆ ఆటలన్నీ టైపు కొట్టుకునేవాడు. క్లీవ్‌లాండ్‌లో మా బకై రోడ్డు మీద హంగరీ వాళ్ల ఇళ్లన్నిటికీ ఆ టైపు మిషను చప్పుడు వినపడేది. అది ఆగిందంటే పన్నెండయిందని అర్థం, ఆడవాళ్లు పొయ్యి మీద గిన్నె దింపేవాళ్లు.

చదరంగం పుస్తకాల్లో ఒక పద్ధతి ఉంది. గెలిచినవాడి పేరు పూర్తిగా వేస్తారు. ఓడినవాడి పేరు తెలియకపోతేనో, తెలిసినా చెప్పడం ఇష్టం లేకపోతేనో, ఆ చోట ఎన్.ఎన్. అని రెండక్షరాలు పెట్టి ఊరుకుంటారు. షొమోది అప్పటికి ఎనభై మూడు పుస్తకాలు రాశాడు. మొదలుపెట్టేవాళ్ల కోసం, మానేసినవాళ్లు మళ్లీ ఆడటం కోసం, బస్సులో చదువుకోవడం కోసం, జ్వరం వచ్చి పడుకున్నప్పటి కోసం. అన్నిట్లోనూ షొమోది గెలుస్తాడు, ఎన్.ఎన్. ఓడిపోతాడు. నాలుగో పుస్తకం అచ్చయిన వారం ఆయన మెట్లెక్కి వచ్చేశాడు. ఇన్ని ఆటలు ఓడించినవాళ్లు కాఫీ అయినా ఇవ్వరా అనుకున్నాడో ఏమో. ఎతెల్క కాఫీ ఇచ్చింది. ఆయన మర్నాడు కూడా వచ్చాడు.

ఆయన మొహం ఎలా ఉంటుందని ఎవరైనా అడిగితే మేమెవ్వరం చెప్పలేం. వెళ్లిన నిమిషానికి గుర్తుండేది కాదు. టోపీ మాత్రం గుర్తుండేది, వీధిలో అందరం ఆ టోపీకే నమస్కారం పెట్టేవాళ్లం. మనిషి మర్యాదస్తుడు. తన పని మీద గౌరవం ఉన్నవాడు.

"ఈ ఎత్తు నేను వెయ్యను షొమోది గారూ," అనేవాడు ఒక్కోసారి. "ఇంత తెలివితక్కువగా ఓడిపోతే నా పేరు ఏం కావాలి?"

"మీకు పేరెక్కడుందండీ?"

"అది వేరే సంగతి. ఓడిపోవడం ఎవడైనా ఓడతాడు. చదివేవాడు 'అయ్యో, నేనైనా అదే ఎత్తు వేసేవాణ్ణి' అనుకునేలా ఓడాలి. గుర్రాన్ని ఇక్కడ పెడతాను, అప్పుడు ఓడించండి."

ఆయన చెప్పింది ఎప్పుడూ నిజమే అయ్యేది. షొమోది పుస్తకాలు అంత బాగా చెల్లడానికి సగం కారణం ఎన్నెన్ గారే అని మా వీధి అభిప్రాయం.

1965 వసంతంలో ఎనభై నాలుగో పుస్తకం చివరికొచ్చింది. నూరు ఆటల సంకలనం. న్యూయార్కులో ప్రచురణకర్త జూన్ మొదటి తారీఖుకల్లా కావాలన్నాడు. తొంభై తొమ్మిది అయిపోయాయి. నూరోది ఏదో కూడా ప్రచురణకర్తే చెప్పాడు: షొమోది మొదటి పుస్తకంలో మొదటి ఆట. 1931లో ఇరవై నాలుగేళ్ల షొమోది మంత్రిని బలి ఇచ్చి గెలిచిన ఆట. అతనికి పేరొచ్చిందే దానివల్ల. హంగరీ వాళ్ల క్లబ్బులో ఆ ఆట గోడ మీద చట్రంలో వేలాడుతోంది. చదరంగం పావులు ఎలా కదులుతాయో సరిగ్గా తెలియని వాళ్లకి కూడా 'షొమోది బలి' అంటే తెలుసు.

అచ్చుతప్పులు దొర్లకుండా ప్రతి ఆటనీ బల్ల మీద మళ్లీ ఒకసారి ఆడి చూసుకోవడం అతని అలవాటు. ఆ సోమవారం పావులు పేర్చారు. ఎన్నెన్ గారు నల్లపావులు తీసుకున్నాడు. మూడెత్తులు బాగానే సాగాయి. నాలుగో ఎత్తుకి ఆయన చెయ్యి బంటు మీద గాలిలో ఆగిపోయింది.

"ఏమైంది?"

"రావడం లేదండి."

"ఏం రావడం లేదు? బంటు రెండు గడులు. ముప్ఫై నాలుగేళ్లుగా అదే ఎత్తు."

ఎన్నెన్ గారు చెయ్యి ఒళ్లో పెట్టుకుని చూసుకున్నాడు. "నేను ఓడిన ప్రతి ఆటా నాకు గుర్తుంటుంది షొమోది గారూ. ఇది నేను ఓడలేదు. ఆ రోజు ఈ కుర్చీలో నేను లేను."

"మరి ఎవరున్నారు?"

"మీరున్నారు," అన్నాడాయన, చాలా మెల్లగా, ఎదుటివాడి మనసు కష్టపెట్టకుండా చెప్పాలన్నట్టు.

షొమోది లేచి కిటికీ మూశాడు. బయట చలేమీ లేదు.

మంగళవారం ఎన్నెన్ గారు తొమ్మిదింటికే వచ్చాడు, కానీ చెయ్యి పడిపోయినట్టే ఉంది. వేరే ఆట పెట్టినా కదల్లేదు. బుధవారమూ అంతే. టైపు మిషను చప్పుడు లేక బకై రోడ్డు మీద మూడు ఇళ్లలో కూర మాడింది. పుస్తకం ఆగిపోయింది. గురువారం కాఫీ ఇస్తూ ఎతెల్క అన్నది, "అన్నయ్యా, ఆ అమ్మాయి దగ్గరికి వెళ్లకపోతే ఈయన చెయ్యి బాగుపడదు."

"ఏ అమ్మాయి?"

"నాకు తెలీదనుకున్నావా? పిరోష్క."

పిరోష్క వైదాకి అప్పటికి యాభై మూడేళ్లు. వీధిలో ఎడమ పక్కన ఆమె రొట్టెల దుకాణం ఉంది. ఆమె ఆ దుకాణం పెట్టినప్పటి నుంచీ షొమోది కుడి పక్కనే నడిచేవాడు. శవపేటికల దుకాణం ముందు నుంచైనా వెళ్లేవాడు గాని రొట్టెల దుకాణం ముందు నుంచి వెళ్లేవాడు కాదు. అతనికి గసగసాల వాసన పడదేమో అనుకునేవాళ్లం మేం.

అసలు జరిగింది ఇది. 1931లో పిరోష్కకి పందొమ్మిది. కుట్టు ఫ్యాక్టరీలో పని. మధ్యాహ్నం తిండి గంటలో క్లబ్బుకి వచ్చి రొట్టె నములుతూ మగవాళ్లతో చదరంగం ఆడేది. ఒకరోజు షొమోదిని ఓడించింది. మంత్రిని చేతులారా ఇచ్చేసి, గుర్రంతో ఆట కట్టించింది. మరుసటి సంవత్సరం షొమోది మొదటి పుస్తకం రాశాడు. మొదటి ఆటగా అదే వేశాడు. తెల్లపావుల ఎదురుగా తన పేరు రాసుకున్నాడు. నల్లపావుల ఎదురుగా, అంటే తాను కూర్చున్న చోట, ఎన్.ఎన్. అని పెట్టాడు. పుస్తకం వచ్చిన వారం నుంచి పిరోష్క క్లబ్బుకి రావడం మానేసింది. ఎవరూ ఎందుకని అడగలేదు. ఆడపిల్ల, పెళ్లి కుదిరిందేమో అనుకున్నారు.

"నీకెలా తెలుసు?" అని అడిగాడు షొమోది.

"ప్రతి ఆదివారం నీకు గసగసాల రొట్టెచుట్ట పెడుతున్నాను కదా. మనింట్లో పొయ్యి మీద ఎప్పుడైనా చూశావా దాన్ని?" అన్నది ఎతెల్క.

షొమోది ఆలోచించాడు. ఇన్నేళ్ల ఆదివారాలు ఎతెల్క ఆ దుకాణానికే వెళ్లి వచ్చిందన్నమాట. సిగ్గుతో చెవులు ఎర్రబడ్డాయి. అతనికి భయమేసింది కూడా. ఆ ఒక్క ఆటా తీసేస్తే తన పేరులో ఏం మిగులుతుందో అతనికి తెలియదు. చట్రం దింపేస్తారు. ఎనభై మూడు పుస్తకాలు చదివినవాళ్లు ఇందులో ఇంకెన్ని దొంగవో అనుకుంటారు. అయినా టోపీ పెట్టుకున్నాడు. ఎన్నెన్ గారూ తన టోపీ పెట్టుకుని వెంట వచ్చాడు. ఇద్దరూ వీధి అడ్డంగా దాటుతుంటే బస్సు డ్రైవరు బండి ఆపి మరీ చూశాడు.

దుకాణంలో పిరోష్క మోచేతుల దాకా పిండితో ఉంది.

"రండి. ఆదివారం కాదే," అన్నది.

షొమోది దారిలో కూడబలుక్కున్న మాటలన్నీ మర్చిపోయాడు. "ఆ ఆట మీది," అన్నాడు.

"నాకు తెలుసు. ఆడింది నేనేగా."

"మీ పేరు వెయ్యాలని వచ్చాను. అడగకుండా తీసేశాను, అడగకుండా వెయ్యకూడదని."

ఆమె పిండి ముద్దని బల్ల మీద ఒక్క దెబ్బ కొట్టింది. బల్ల ఊగలేదు. దాని పొట్టి కాలు కింద షొమోది మొదటి పుస్తకం, అట్ట చిరిగి, నలిగి ఉంది.

"చదివాను లెండి, దాని కింద పెట్టేముందు," అన్నది ఆమె. "ఏడ్చాను. ఆ తర్వాత ఇరవై రెండో పేజీకి వచ్చేసరికి నవ్వొచ్చింది. మంత్రిని ఎందుకు బలిచ్చారో పేజీన్నర రాశారు. అద్భుతమైన ఎత్తని రెండు ఆశ్చర్యార్థకాలు పెట్టారు. పన్నెండు ఎత్తులు ముందుకి చూశారట మీరు. అది అసలు ఎందుకు కదిలిందో నిజంగా గుర్తులేదా?"

"లేదు."

"మా అక్క ఫ్యాక్టరీ చొక్కా వేసుకొచ్చాను ఆ రోజు. చేతులు ఇంత పొడుగు. గుర్రం కోసం చెయ్యి చాపితే చొక్కా చెయ్యి మంత్రికి తగిలింది. మీరేమన్నారు?"

షొమోది నోరు తెరిచాడు. ఎవరో లోపల దీపం పెట్టినట్టు మొత్తం కనిపించింది. "ముట్టుకున్నారు, కదపాలి, అన్నాను."

"బట్ట తగిలిందండీ, వేలు కాదు, అన్నాను. ఒప్పుకోలేదు మీరు. రూలు రూలే అన్నారు. మంత్రిని ఎటు కదిపినా పోతుంది. పోయేదాన్ని కాస్త పనికొచ్చేచోట పోనిద్దామని ముందుకి తోశాను. మీరు గబుక్కున తినేశారు. అంతే. పన్నెండు ఎత్తులూ లేవు, పాడూ లేదు. ఫ్యాక్టరీ కూత వేసే టైమయింది నాకు."

తలుపు దగ్గర చిన్న నవ్వు వినపడింది. ఎన్నెన్ గారు నవ్వడం మా వీధిలో అదే మొదలు. ఆయన వెంటనే టోపీ అడ్డం పెట్టుకుని క్షమించమన్నాడు. అప్పటికే పిరోష్కకీ నవ్వు ఆగడం లేదు. షొమోది కూడా నవ్వాడు. నవ్వుతూనే కళ్లు తుడుచుకున్నాడు.

"వేసుకోండి పేరు," అన్నది ఆమె చివరికి. "కానీ ఆ పేజీన్నర తీసెయ్యండి. ఉన్నది ఉన్నట్టు రాయండి. చొక్కా సంగతి కూడా."

శుక్రవారం పొద్దున తొమ్మిది కొట్టగానే టైపు మిషను మొదలైంది. ఎన్నెన్ గారి చెయ్యి శుభ్రంగా ఆడుతోంది. నూరో ఆట మాత్రం ఆయన ఆడలేదు. పక్కన కుర్చీలో కూర్చుని కాఫీ తాగుతూ చూశాడు. పైన తెల్లపావులకి పిరోష్క వైదా, నల్లపావులకి బెర్తలాన్ షొమోది. తన పుస్తకాల్లో అతను ఓడిపోయిన మొదటి ఆట అది. మంత్రి కదిలిన చోట ఇలా రాశాడు: 'ఈ ఎత్తు చొక్కా చేతిది. ముట్టుకుంటే కదపాలని నేను పట్టుబట్టాను. ఈ ఆటలో పెద్ద తప్పు అదే. దానికంటే పెద్దది ఆట అయ్యాక చేశాను.' తన వాక్యం పక్కన రెండు ప్రశ్నార్థకాలు పెట్టుకున్నాడు, చదరంగం పుస్తకాల్లో ఘోరమైన తప్పుకి పెట్టే గుర్తు అది.

క్లబ్బులో రెండు వారాలు అతన్ని తిన్నగా కూర్చోనివ్వలేదు. ఎవరు కనపడినా చొక్కా చేతులు ఊపుతూ నమస్కారం పెట్టేవాళ్లు. చట్రాన్ని గోడ వైపు తిప్పారు, మళ్లీ ఇటు తిప్పి పేర్లు మార్చారు. ప్రచురణకర్త రాసిన ఉత్తరంలో ఒక్కటే మార్పు ఉంది: ఈ ఆటని చివర కాదు, మొదట వెయ్యండి. పుస్తకం వచ్చాక ఉత్తరాలు సంచులతో వచ్చాయి. మా తాత ఇలాగే గడ్డం తగిలి ఏనుగుని కదిపాడని ఒకరు, పిల్లి తోక తగిలి ఓడిపోయాననీ ఇప్పటిదాకా ఎవరికీ చెప్పలేదనీ ఒకరు. సగానికి పైగా ఉత్తరాల మీద చిరునామా పిరోష్క వైదా, రొట్టెల దుకాణం. ఆమె వాటన్నిటికీ రాత్రి పిండి కలిపి పెట్టాక జవాబులు రాసేది. సెప్టెంబరులో ఒక శుక్రవారం, ముప్ఫై మూడేళ్ల తర్వాత, క్లబ్బు తలుపు తోసుకుని వచ్చింది. చలికాలానికల్లా ఊళ్ల మధ్య పోటీల్లో మా క్లబ్బు తరపున మొదటి బల్ల ఆమెదే. రాష్ట్రం పోటీకి పంపాలని మేమంతా అనుకుంటే, దుకాణం ఎవరు చూస్తారంది.

మర్నాడు పొద్దున ఎన్నెన్ గారు దుకాణంలో ముందు బల్ల వెనక నిలబడి ఉన్నాడు. టోపీ తీసి, తెల్ల గుడ్డ నడుముకి కట్టుకుని. బుధవారాలూ పోటీల రోజులూ ఇక్కడ చేస్తానన్నాడు. ఓడిపోవడం తప్ప ఏ పనీ రాదనుకున్నాం గాని రొట్టెచుట్టలు చక్కగా కోసేవాడు.

మరి బుధవారాలు షొమోది ఏం చేసేవాడంటే, తొమ్మిది కొట్టగానే టోపీ చేత్తో పట్టుకుని వీధి ఎడమ పక్కకి దాటేవాడు. దుకాణం పక్క తలుపు మూడుసార్లు తట్టేవాడు.

"ఓడిపోవడానికి వచ్చానండి."

"రా. బూట్లు తుడుచుకో," అనేది పిరోష్క. 'మీరు' అనడం ఎప్పుడు మానేసిందో ఇద్దరూ గమనించలేదు.

మొదటి బుధవారం పొయ్యి పక్కన బల్ల మీద పావులు పేర్చుకున్నారు. పదిహేనో ఎత్తులో ఆమె గుర్రం కోసం చెయ్యి చాపింది. మడిచిన చొక్కా చెయ్యి జారి ఏనుగుకి తగిలింది. ఇద్దరూ ఏనుగు వైపు చూశారు. షొమోది చప్పున కిటికీ వైపు తిరిగి వీధిలోకి చూడ్డం మొదలుపెట్టాడు.

"ఏమిటి చూస్తున్నావు?" అన్నది పిరోష్క.

"బస్సు. నేనేం చూడలేదు. గుర్రాన్నే కదుపు."

"ముట్టుకున్నాను," అన్నది ఆమె. "రూలు రూలే."

ఏనుగుని మూడు గడులు ముందుకి తోసింది. షొమోది తప్పించుకునే ఎత్తు కోసం బల్లంతా వెతికాడు. తర్వాత తన రాజుని మెల్లగా, ఎన్నెన్ గారు పడుకోబెట్టినట్టే, పక్కకి పడుకోబెట్టాడు.